రాతిగదికి మూత

క్రితం వారం మనం రాజకుమారిని గుల్లపేట సముద్రపొడ్డున, తను కట్టిన రాతిగది గుమ్మం ముందు చెప్పులు విప్పుతుండగా వదిలిపెట్టాం. మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. రాజకుమారి టెక్కలి రాతిపని తిరుపతిరావు కూతురు. విశాఖలో శిల్పం చదువుకుంది. ఏడేళ్ల కిందటి తుఫానులో మూడు బోట్లతో సహా మాయమైపోయిన పదకొండు మంది గుల్లపేట మనుషుల కోసం, ఊరు అడిగితే, ఒక గది కట్టింది. అందులో విగ్రహం లేదు, ఫొటో లేదు, పేర్ల బోర్డు లేదు. నాలుగు గోడలు, పైన రెండు పెద్ద రాతి పలకలు, ఆ రెండింటి నడుమ తూర్పు నుంచి పడమరకి జానెడు సందు. ఆ సందులోంచి దిగే ఎండ తప్ప గదిలో మరో వస్తువు లేదు. వచ్చే సోమవారం, సూర్యుడు నడినెత్తికి వచ్చి ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందే ఇరుక్కుపోయే మధ్యాహ్నం, ఆ ఎండ గోడను వదిలి నేల మీదికి నిట్టనిలువుగా దిగాలి. గది కట్టాక అది మొదటిసారి. పదకొండు ఇళ్లవాళ్లూ ఆ ఎండకి అటూ ఇటూ కూర్చోవాలని ఊరంతా అనుకుంది.

శుక్రవారం పొద్దున్న నౌపడలో రైలు దిగి, ఆటోలో వచ్చి, ఆ గుమ్మం దాటిన రాజకుమారికి లోపల చీకటి కనపడింది.

ఎండలోంచి వచ్చిన కళ్లు కదా, అలవాటు పడాలి అనుకుని కాసేపు ఆగింది. అలవాటు పడ్డాక తల పైకెత్తింది. సందు లేదు. సందు ఉండాల్సిన చోట, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పాచి పట్టిన నీళ్లలాంటి ఆకుపచ్చటి మసక ఉంది. ఎవరో పైకెక్కి బోట్లకి వేసే ఫైబర్ మ్యాట్ పరిచి, జిగురు పోసి మూసేశారు. అంచుల వెంట కారిన జిగురు బొట్లు బొట్లుగా గడ్డకట్టింది. గదంతా బోట్ల షెడ్డు వాసన.

ఆమెకి వచ్చింది మామూలు కోపం కాదు. ఆ సందు కోసం రెండేళ్లు ఎంతమందితో తగువులాడిందో ఈ కథ మొదట్నుంచీ చదివినవాళ్లకి తెలుసు. ఒకాయన పదకొండు ఫొటోలు వరసగా పెడదామన్నాడు. ఇంకొకాయన స్టీలు గేటు, స్వాగతం ఆర్చి అన్నాడు. మూడో మహానుభావుడు రంగులు మారే లైట్లు పెడితే సెల్ఫీలకి బాగుంటుందన్నాడు. చనిపోయినవాళ్ల గదిలో సెల్ఫీలేమిటండీ అని అడిగితే, "మరి జనం రావద్దా మేడమ్" అని ఆమెకేసి జాలిగా చూశాడు. ఏదో ఒకటి పెట్టి చేతులు దులుపుకోవడం తేలిక. ఏమీ పెట్టకుండా నిలబెట్టడానికి ఎంత ఓపిక కావాలో, ఎంతమందికి చెడ్డ కావాలో ఆమెకే తెలుసు. అందరినీ కాదని నిలబెట్టిన ఆ ఒక్క జానెడు ఖాళీని, ఆమె ఊళ్లో లేని పదిహేను రోజుల్లో ఎవరో వచ్చి నింపేసి పోయారు.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది. కాలే ఇసకలో ఒట్టి కాళ్లతో నడిచింది. కాళ్లు మండుతున్న సంగతి సగం దూరం పోయాక గానీ తెలియలేదు.

వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకున్నాయి. వాటి మధ్య తాటాకు పందిరి కింద ఢిల్లీరావు ఒక బోటు అడుగు గీకుతున్నాడు. గుల్లపేటకే కాదు, భావనపాడు దాకా ఏ బోటుకి చిల్లు పడ్డా అతను చెయ్యి వెయ్యాల్సిందే. పగులు కనపడితే అతని చెయ్యి ఊరుకోదని పేరు.

"మావా, ఆ గది మీద సందు మూసిందెవులు?" అని అడిగింది రాజకుమారి.

ఢిల్లీరావు మొహం విప్పారింది. "నేనేనమ్మా. సూసినావేటి? సుక్క నీరు దిగదు. బోటుకి రెండు పొరలేత్తాను, దానికి మూడేసినాను."

"ఎందుకు మూసినావు?"

"ముందర అది సెప్పు. పని బాగున్నాదా, నేదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. "బాగున్నాది. చాలా బాగున్నాది. పదకొండు మందిని లోపలేసి పైన మూత పెట్టినట్టున్నాది. రెండేళ్లు నేను ఎవులెవులి కాళ్లు పట్టుకున్నానో, ఎవులెవులి చేత తిట్లు తిన్నానో నీకు తెలవదా? ఆ మీటింగుల్లో నువ్వు నా పక్కన కూకోలేదా? అది కన్నం కాదు మావా. గదంటే అదే. మిగతాదంతా దాన్ని పట్టుకోడానికి కట్టిన గోడలు."

ఆమె గొంతు విని చుట్టుపక్కల వలలు కుట్టుకుంటున్నవాళ్లు లేచి వచ్చారు. ఒకతను, "వోన పడితే నీరు దిగుతాది గదా, అందుకే మూసేడనుకున్నాం మేడంగోరూ" అన్నాడు. ఇంకొకతను నవ్వుతూ, మధ్యలో వెయ్యాల్సిన రాయి కంట్రాక్టరు తినేశాడని ఊళ్లో అనుకుంటున్నారని చెప్పాడు. రాజకుమారి అతనికేసి చూసిన చూపుకి అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు జనంలోంచి బొడ్డమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ పదకొండు మందిలో ఉన్నాడు. శవం దొరకలేదు గనుక దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యమని పెద్దలంతా చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. నా కొడుకుని గడ్డితో సేత్తారేటి అని అందరినీ ఇంట్లోంచి పంపేసింది. గది కట్టిన దగ్గర్నుంచి రోజూ మధ్యాహ్నం వెళ్లి, గోడ మీద పడిన ఎండ మీద అరచెయ్యి ఆనించి, ఆ ఎండ జరిగే కొద్దీ తనూ జరుగుతూ కూర్చుంటోంది. ఈ గది దేనికో ఎవరూ చెప్పకుండానే తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

"పదేను దినాలైనాది పిల్లా, నాను ఈడితో మాటాడ్డం మానేసి," అంది ఢిల్లీరావుని వేలితో చూపిస్తూ. "ఎలుగు రాకపోతే నాను ఆ గోడని పట్టుకుని ఏటి సేసుకోను? ఇప్పరా అంటే ఇప్పడు. సెప్పరా అంటే సెప్పడు."

"ఏటి చెప్పడు?" అంది రాజకుమారి.

ఢిల్లీరావు చేతిలో గీకుడు పలకని బోటు మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నాకు నానుగా ముట్టుకోలేదమ్మా. సెప్పొద్దన్నాడని సెప్పలేదు. మీ నాన్నే వొచ్చినాడు. టెక్కలి నుంచి బస్సులో వొచ్చి, నన్ను ఎక్కించి, పక్కనుండి మూయించినాడు. సందు ఒకటే కాదు, ఉత్తరం పలక మీద కూడా బారెడు ఏయమన్నాడు. ఎందుకని అడిగితే, మా అమ్మికి సెప్పకు అన్నాడు."

రంగుల లైట్లవాడు చేశాడంటే అర్థం ఉంది అనుకుంది రాజకుమారి. ఊరివాళ్లు తెలియక చేశారన్నా అర్థం ఉంది. ఆ సందు రెండంచులనీ నలభై రోజులు కూర్చుని చేత్తో చెక్కింది తిరుపతిరావే. ఎండ వచ్చి తగిలినప్పుడు చీలిపోకుండా ఒకే గీతలా నిలవాలంటే అంచు కత్తిలా ఉండాలని ఆమె అడిగితే, మిషను పెట్టనివ్వకుండా ఉలితో దిగాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో అది ఆయన చేసిన ఆఖరి పెద్ద పని. అలాంటి మనిషి, కూతురు లేని రోజు చూసుకుని, దొంగలా వచ్చి మూయించి పోయాడు.

"కోసెయ్ మావా," అంది.

"మీ నాన్న..."

"కట్టిందెవులు? నేనా, మా నాన్నా?"

"నువ్వేననుకో. కానీ జిగురు రాయికి పట్టేసి ఉన్నాది. మిషను పెట్టి కోత్తే అంచు సిట్లుతాది. మీ నాన్న సెక్కిన అంచు."

"చిట్లితే చిట్లనీ. ఆయనకే అక్కర్లేనిది నాకెందుకు? మధ్యాహ్నానికల్లా నాకు ఆ గదిలో ఎండ కనపడాల. నీ చేత కాకపోతే చెప్పు, పలాస నుంచి మనిషిని తెచ్చుకుంటాను."

పనివాడిని అనరాని మాట అది. ఢిల్లీరావు మొహం ముడుచుకుపోయింది. జనరేటర్ తెప్పిస్తానని, గంటలో మొదలుపెడతానని పొడిపొడిగా చెప్పాడు. రాజకుమారి గుమ్మం దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కుని, వచ్చిన ఆటోలోనే టెక్కలి బయల్దేరింది.

దారిలో తండ్రికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ ఎత్తడు. కొన్నేళ్లుగా అంతే. ఏదైనా కావాలంటే మనిషి రావాలి, ఎదురుగా కూర్చోవాలి, అప్పుడు గానీ దొరగారు మాట్లాడరు. ఈ పెంకితనం అంతా ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, ఉప్పు మడుల పక్కనుంచి ఆటో పోతుంటే, ఏమేమి అడగాలో వరసగా పేర్చుకుంది. దేవుడి బొమ్మ చెక్కకుండా ఒట్టి గోడలేమిటని మొదట్లో ఎగతాళి చేశాడు. అది అడగాలి. పదిమందిలో తనని పొగిడి వెనకనుంచి ఇలా చెయ్యడం ఏ ఊరి మర్యాదో అడగాలి. ఈ రోజుతో తాడో పేడో తేల్చుకుని, ఇంక ఆ ఇంటి గడప తొక్కకూడదు.

టెక్కలి చివర, పెరట్లో, వేపచెట్టు నీడ కూడా దాటిపోయిన ఎండలో తిరుపతిరావు కూర్చుని ఉన్నాడు. తలకి తువ్వాలు. ఎదురుగా నిలువెత్తు రాతి స్తంభం ఒకటి పడుకోబెట్టి ఉంది. దాన్ని చెక్కుతున్నాడు. పక్కన అలాంటిదే ఇంకొకటి పూర్తయి ఉంది.

"నాన్నా," అంది గేటు దగ్గర్నుంచే. పలకలేదు.

"నాన్నా, నిన్నే." సుత్తి ఆగలేదు. ఆమె ఇంతెత్తున అరిచింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది గానీ ఆయన తల తిప్పలేదు. రాజకుమారి నడుచుకుంటూ పోయి ఎదురుగా నిలబడితే, ఆమె పాదాలు కళ్లపడ్డాక తలెత్తాడు.

"ఎప్పుడొచ్చినావమ్మీ? కూకో. మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగ నువ్వే తాగు. సందు ఎందుకు మూయించినావు?"

తిరుపతిరావు ఉలి పక్కన పెట్టాడు. "ఆడు సెప్పీసినాడా? సోమారం లోపల నేనే ఇప్పిద్దును. రెండు దినాలు ఓపిక పట్టు."

"ఎవులికి ఓపిక? రెండేళ్లు ఓపిక పట్టినాను. నీకు మొదట్నుంచీ ఆ గదంటే ఇష్టం లేదు. కూతురు చేసిన పని నిలబడితే నీ పెద్దరికం తగ్గిపోద్ది. అంతే గదా? బయటివాళ్లంతా ఒక ఎత్తు, నువ్వొక ఎత్తు నాన్నా. వాళ్లు ఏదైనా పెడతామని నా మొహం మీదే అడిగారు. నువ్వు నేను లేనప్పుడు వొచ్చినావు." ఆమెకి ఏడుపు వస్తోంది. ఏడుపు వస్తున్నందుకు ఇంకా కోపం వస్తోంది. "నీకేం అక్కర్లేదు. నేనే కోసెయ్యమని చెప్పి వచ్చాను. ఈపాటికి ఢిల్లీరావు మావ మిషను పెట్టుంటాడు."

ఆయన ఆమె నోటికేసే చూస్తున్నాడు. మాటలు అయిపోయాక కూడా ఇంకా అక్కడే చూస్తున్నాడు.

"ఏటి పెట్టుంటాడు? మెల్లిగా సెప్పు."

"మిషను. కటింగ్ మిషను. నువ్వు మూయించింది కోసేత్తన్నాడు."

తిరుపతిరావు లేవబోయి, కాళ్లు పట్టేసి, స్తంభం మీద చెయ్యి ఆన్చి నిలదొక్కుకున్నాడు. "ఆపించు," అన్నాడు. "ఉత్తరం పలక పగిలిపోయుంది అమ్మీ."

"ఏంటి?"

"నరం ఉన్నాది రాయిలో. బొడ్డమ్మ నాతో సెప్పినాది, మజ్జానం ఎండెక్కితే పైన టిక్కుమంటాదని. నాకు ఇనపడ్నేదు. అప్పుడు గోనెపట్టా తడిపి పలక మీద పరిసి తీసినాను. రాయంతా ఆరిపోనాది. ఒక్క గీత ఆర్నేదు. సందు అంచు కాడ్నించి గోడ దాకా పోనాది అది. నీరు దాసుకుంది. అందుకే ఆ రెండు పలకల్నీ కలిపి మ్యాట్ ఏయించినాను, బోటు పక్కలు పట్టినట్టు పట్టి ఉంటాదని. దాని కింద నిలబెట్టడానికే ఈ రెండు రాళ్లూ సెక్కుతున్నాను. ఇయ్యి ఎక్కించినాక ఇప్పుదుననుకున్నాను."

రాజకుమారికి ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆమె బుర్ర ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. "నువ్వు మోగించి చూశావు గదా. క్వారీలో, నా కళ్ల ముందే, సుత్తితో కొట్టి చూశావు. ఉత్తరం పలక, దక్షిణం పలక, రెండూ బాగున్నాయన్నావు."

ఈ పని తెలియనివాళ్లకి చెప్పాలి. రాయిని ఎంచే మనిషి సుత్తితో కొట్టి చెవి పెడతాడు. మంచి రాయి కంచులా ఖంగుమంటుంది. లోపల నరం, అంటే పైకి కనపడని పగులు, ఉన్న రాయి డొల్లగా పలుకుతుంది. టెక్కలి క్వారీల్లో తిరుపతిరావు చెవి అంటే తిరుగు లేదు. ఆయన బాగుందన్న రాయిని ఇంకొకడు కొట్టి చూడడం అంటే ఆయన్ని కొట్టినట్టే.

"కొట్టినాను," అన్నాడు తిరుపతిరావు. "ఇనపడ్నేదు."

"అంటే?"

"క్వారీలో కంప్రెసర్ మోత పక్కన ముప్పయ్యేళ్లు నిలబడ్డాను గదా. మాటలు కొంత ఇనపడతాయి, నోరు సూత్తే ఇంకా తెలుత్తాది. రాయి మోత ఇనపడదు. ఆరేళ్లయినాది. ఫోన్ కూడా అందుకే ఎత్తను."

"ఆరేళ్లా? నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంటావు? రాయి మోత ఇనపడనోడు రాతిపనోడేటి? ఆ దినం అందరూ నా మొకమే సూత్తన్నారు. నువ్వు ఫోన్ పట్టుకుని వీడియో తీత్తన్నావు. మా నాన్న అని అందరికీ సెప్తన్నావు. బాగున్నాది అనేసినాను."

ఆమె ఫోన్ తీసింది. క్వారీలో తీసిన వీడియో పెట్టింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, ఎంతమందికి చూపించిందో లెక్కలేదు. తిరుపతిరావు తెల్లచొక్కా వేసుకుని సుత్తి ఎత్తాడు. మొదటి పలక ఖంగుమంది. రెండో పలక దగ్గరికి నడిచి, వంగి, కొట్టాడు. డొల్లగా దబ్బుమంది. చెక్కపెట్టెని కొట్టినట్టు, అంత స్పష్టంగా. ఆ తర్వాత ఆయన తలెత్తి కెమెరాకేసి నవ్వుతూ తల ఊపాడు. వెనకనుంచి రాజకుమారి గొంతే, సంతోషంగా, "అయితే రెండూ ఖాయం" అంది.

ఆమెకి చెవులు బాగానే ఉన్నాయి. ఆమె వినలేదు, అంతే. తండ్రి మొహం చూసి సరిపెట్టుకుంది. చిన్నప్పట్నుంచి రాళ్ల మధ్య పెరిగింది, శిల్పం చదివింది, నలుగురికి పాఠాలు చెబుతుంది. ఇంత మోత ఎదురుగా మోగితే వినలేదు.

"నువ్వు మనిషివేనా?" అంది. అది తండ్రినన్నదో తననన్నదో ఆమెకే తెలియదు. "నీ పరువు కోసం పదకొండు ఇళ్లవాళ్లని దాని కింద కూకోబెట్టబోయాం నాన్నా. ఒక్క మాట చెప్పుంటే ఇంకో రాయి తెచ్చుకునేవాళ్లం. తిట్టుకునేవాళ్లం, ఏడ్చుకునేవాళ్లం, తెచ్చుకునేవాళ్లం."

"తర్వాత తిట్టు," అన్నాడు తిరుపతిరావు. మొట్టమొదటిసారి ఆయన గొంతులో బతిమాలుకోవడం వినపడింది. "దినమంతా తిట్టు, పడతాను. ఇప్పుడు ఆపించు. ఎండెక్కిపోనాది. మ్యాట్ తెగితే ఆ పలకని పట్టేదేటీ నేదు. నోపల ఎవులూ నేరు గదా?"

"ఎవరుంటారు? పైన కోస్తుంటే లోపలికి ఎవరు పోతారు?" అంటూనే ఆమె ఢిల్లీరావు నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. పన్నెండు కావస్తోంది. మూడోసారి ఎత్తాడు. ఎత్తగానే జనరేటర్ మోత చెవి బద్దలయ్యేలా వచ్చింది.

"అయిపోవచ్చిందమ్మా," అని అరుస్తున్నాడు ఢిల్లీరావు. గొంతులో పొద్దుటి పొడితనం లేదు, పని సాగుతున్న హుషారు ఉంది. "రెండు మూరలే ఉన్నాది. అంచు కూడా పెద్దగా సిట్లలేదు."

"ఆపు మావా. మిషను ఆపు. కిందికి దిగిపో."

"ఏటీ?"

"ఆపు. రాయి పగిలుంది. ఆపు."

"జనరేటర్ మోతమ్మా, ఏటీ ఇనపడ్డం నేదు. నువ్వేటి కంగారు పడకు. అప్పుడే ఎలుగు పడిపోతన్నాది నోపల. బొడ్డమ్మ కూకున్నాది కింద. అందరికన్నా ముందర తనే సూత్తాదంట. లెగమంటే లెగడం నేదు. నాతో మాటాడేసినాది కూడా."

రాజకుమారి గొంతు చించుకుని బొడ్డమ్మ పేరు అరిచింది. పక్కింటావిడ గోడ దాటి పెరట్లోకి వచ్చేసింది. ఢిల్లీరావు ఫోన్ కట్ చెయ్యకుండానే పక్కన పెట్టేసినట్టున్నాడు, అందులో మిషను మళ్లీ కీచుమని ఫైబర్‌ని పట్టుకుంది. ఇంకోసారి కీచుమంది. ఆ తర్వాత జనరేటర్ మోతతో సహా అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఫోన్ కట్ కాలేదు.

తిరుపతిరావు కూతురి నోటికేసి చూస్తూ నిలబడ్డాడు. "ఏటన్నాడు?" అని అడిగాడు. "ఏటన్నాడమ్మీ, సెప్పు."